నాలుగు మూటల తేడా

ఒకప్పుడు, కరువు మూడేళ్లు తిష్ఠ వేసిన ఊళ్లో లచ్చాగౌడు తాళ్లు గీసి కల్లు దించి బతికేవాడు. పొట్ట తగ్గాలని వైద్యుడు చెప్పడంతో ఊరి దొర అతన్ని తాను ఉండే గడికి పిలిపించి, ఒళ్లు పెంచని పలచటి కల్లు తెమ్మన్నాడు. ఆరు నెలలు రోజూ రెండు ముంతలు తాగాడు. పొట్ట ఇంకా పెరిగింది.

"మోసం చేసినవురా! వీని చేతులు నరకుండ్రి" అని దొర మండిపడ్డాడు.

లచ్చాగౌడు వణకలేదు. పెళ్లాన్నీ కూతుర్నీ ఆకలికే పోగొట్టుకున్నవాడికి ఇంకేం భయం?

"దొరా, నేను గూడ రోజూ రెండు ముంతలు అదే కల్లు తాగి బతుకుతున్న. తప్పు కల్లుదైతే నేనూ మీ అంత తూగాలె. తూచి చూడుండ్రి."

ధాన్యం తూచే పెద్ద తక్కెడలో ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. దొర వైపు నేలకు దిగింది. లచ్చాగౌడి పక్కన నాలుగు మూటల జొన్నలు వేస్తేగాని సమానం కాలేదు.

"కల్లు ఇద్దరం తాగినం దొరా. ఈ నాలుగు మూటలు మీరొక్కరే తిన్నరు. గడిలనే ఉంచితే మళ్ల మీ పొట్టలకే పోతయి."

పక్కనే నిలబడి చూస్తున్న వైద్యుడు తలూపాడు. దొర మొహం తిప్పుకుని, మూటలు తీసుకుపొమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఊరంతా పొయ్యిలు వెలిగాయి. లచ్చాగౌడు తన వాటా జొన్నలతో గటక వండి, అలవాటు కొద్దీ మూడు కంచాలు పెట్టాడు.