పందొమ్మిది సార్లు వెనక్కి

బయల్దేరేటప్పటికి నా దగ్గరున్నవి మూడు వందల డెబ్బై రెండు పాయింట్లు. నాలుగు సీజన్ల కబడ్డీలో, కూతకు వెళ్లి తెచ్చినవి. ఆదోని నుంచి అన్ని తెచ్చినవాడు నాకు ముందు లేడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అవి దేనికీ పనికిరావని తెలియడానికి నలభై నిమిషాలు పట్టింది.

సికింద్రాబాద్‌లో కొత్తగా పెట్టిన జట్టు అది. వేరే ఆటల్లో పేరున్నవాళ్లను నలభై ఆరు మందిని పిలిచారు. నాలుగు వారాల శిక్షణ, ఆఖరి శనివారం ఒక మ్యాచ్. అది అయ్యాక ఇరవై నాలుగు మంది ఉంటారు, ఇరవై రెండు మంది ఇంటికి వెళ్తారు. నేను మా కబడ్డీ జట్టుకు రాజీనామా ఇచ్చి వచ్చాను. అక్కడ ఆ ఏటి ఎంపికలు అప్పటికే అయిపోయాయి. అంటే ఇక్కడి జాబితాలో నా పేరు లేకపోతే ఇంకే జాబితాలోనూ ఉండదు.

ఆట అర్థం కావడం కష్టమేం కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. బంతి ఉన్నవాడు ఎక్కడ పడితే మళ్లీ అక్కడి నుంచే ఆట. ఒక్కో ప్రయత్నం ఐదారు సెకన్లు. కబడ్డీలో ఒక కూతకు ముప్పై సెకన్లు. ఐదో వంతు పని అని లెక్క కట్టుకున్నాను.

నా వంతు, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం.

మొదటిసారి బంతి చేతికివ్వగానే దూసుకెళ్లాను. ఎవడిదో చెయ్యి నా భుజానికి తగిలింది. తగిలిందో లేదో, గిరుక్కున తిరిగి వెనక్కి పరుగెత్తాను.

కబడ్డీలో అంతే కదా. అవతలివాడి ఒళ్లు తగిలితే పాయింటు చేతికొచ్చినట్టే. ఇక మిగిలింది గీత దాటి మనవైపు వచ్చి పడటం. ఎనిమిదేళ్లుగా నా కాళ్లకు వచ్చిన విద్య అదొక్కటే.

మావైపే వచ్చి పడ్డాను. నాలుగు గజాలు నష్టం.

“ఏందన్నా, ఇంటికి తాళం ఎయ్యకుండ వచ్చినవా?” అన్నాడు యాదగిరి.

యాదగిరిది సంగారెడ్డి. రగ్బీ నుంచి వచ్చాడు. నూట పద్దెనిమిది కిలోలు. నాకు ముందు నిలబడి, అడ్డొచ్చినవాళ్లను గుద్ది దారి చెయ్యడం అతని పని. అలాంటివాళ్లు ఐదుగురు ఉంటారు.

“నాకు గూడ గట్లనే ఉండె,” అన్నాడు రెండో వారంలో ఒక మధ్యాహ్నం, అన్నం దగ్గర. “మా రగ్బీల బంతి ఉన్నోని ముంగట నిలబడి అడ్డం వస్తే తప్పు. గీడ నిలబడకుంటే తప్పు. వారం దినాలు నా కాళ్లు పక్కకే జరిగినయ్. ఇగ జరుగుతలేవు. నీ కాళ్లకు గూడ చెప్పుకో.”

చెప్పుకున్నాను. వినలేదు.

కోచ్ డెన్నిస్ సారు నా హెల్మెట్ దగ్గర చెవి పెట్టాడు ఒకరోజు.

“లోపల ఏం మాట్లాడుతున్నావ్ మ్యాన్?”

“కబడ్డీ కబడ్డీ అంటున్నాను సార్.”

నలభై ఐదు మంది నవ్వారు. ఆయన నవ్వలేదు. “నీ కాళ్లు ఏ-వన్. నీ స్పీడు ఇక్కడ ఎవరికీ లేదు. కానీ ఎవడైనా నిన్ను ముట్టుకుంటే చాలు, నువ్వు మా టీమ్ కాదు, వాళ్ల టీమ్. శనివారం ఒక్కసారి వెనక్కి తిరిగావో, నేను నీ పేరు కొట్టేస్తాను. సారీ మ్యాన్.”

మూడు వారాలకు లెక్క తీశాను. బంతితో పరిగెత్తింది అరవై నాలుగు సార్లు. వెనక్కి తిరిగింది పందొమ్మిది సార్లు. సగటున మూడు గజాల చొప్పున యాభై ఏడు గజాలు పోగొట్టాను.

చెయ్యని ప్రయత్నం లేదు. మొదటి వారం ‘కబడ్డీ’ బదులు ‘ముందుకు ముందుకు’ అని కూత పెట్టాను. ముందుకు ముందుకు అంటూనే వెనక్కి పరుగెత్తాను. తర్వాత యాదగిరిని నా వెనక నిలబెట్టి, తిరిగితే గుద్దమన్నాను. రెండుసార్లు గుద్దాడు. మూడోసారి అతన్ని కూడా తప్పించుకుని వెనక్కి పోయాను.

అన్నం నిలబడే తినేవాణ్ణి. కూర్చుంటే మోకాలు ఆడుతూ ఉండేది.

ఆదివారం సెలవిచ్చారు. మ్యాచ్‌కు ఇంకా ఆరు రోజులున్నాయి. ముందు రాత్రే రైలెక్కి ఆదోని వెళ్లాను.

పత్తి మిల్లు వెనక తాలింఖానా, మా ఊరి వ్యాయామశాల. దాన్ని నడిపేది హుసేన్ పీరా ఉస్తాద్. దూదేకులాయన. డెబ్బై దాటాయి. పగలంతా పరుపులు కుడతాడు, పొద్దునా సాయంత్రం ఆట నేర్పుతాడు. పదహారేళ్లప్పుడు మా ఇంట్లోవాళ్లు నన్ను అక్కడికి తీసుకెళ్లి వదిలారు. సికింద్రాబాద్ వెళ్తున్నానని ఆయనకు నేను చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని కాదు. “ఎందుకు?” అని అడుగుతాడని.

నేను వెళ్లేసరికి ఆట జరుగుతోంది. ఉస్తాద్ మావైపు చివర, ఎప్పుడూ కూర్చునే చోటే, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

“సార్ వచ్చినాడప్పా! జరగండి, జరగండి,” అన్నాడు మౌలాలి. ఆటో నడుపుతాడు. అవతలి జట్టులో కాళ్లు పట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు. “ఇనప టోపీ యాడ పెట్టొస్తివి సామీ?”

ఉస్తాద్ నన్ను చూశాడు. “అన్నం తిన్న్యావా?”

“తిన్నా ఉస్తాద్.” తినలేదు.

దగ్గరికెళ్లి మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నలభై ఆరు, ఇరవై నాలుగు, అరవై నాలుగు, పందొమ్మిది, యాభై ఏడు. శనివారం. మధ్యాహ్నం రెండింటికి తిరుగు రైలు.

ఆయన అంకెలన్నీ విన్నాడు. చెప్పకుండా ఎందుకు పోయావని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది.

“ఒక కూత పెట్టు,” అన్నాడు.

“అది కాదు ఉస్తాద్, నేను వెనక్కి తిరిగేది మానుకోవల్ల. ఈడ కూత పెడితే ఇంగా...”

“పెట్టు.”

చెప్పులు విడిచి వెళ్లాను. ఏడుగురున్నారు. ఒకణ్ణి తాకి, తిరిగి, గీత దాటి వచ్చాను. తొమ్మిది సెకన్లు.

“ఇంగొకటి.”

ఇద్దరిని తాకి వచ్చాను. పన్నెండు సెకన్లు. కాళ్లు హాయిగా ఉన్నాయి. మూడు వారాల తర్వాత మొదటిసారి ఎవరూ నవ్వలేదు.

“ఇంగొకటి.”

మూడోసారి లోపలిదాకా వెళ్లాను. మౌలాలి మోచేతికి వేళ్లు తగిలించి గిరుక్కున తిరిగాను. గీత ఎదురుగా ఉంది, నాలుగడుగులు.

గీత వెనక ఎవరూ లేరు. పీట కూడా లేదు.

అరక్షణం. అంతకన్నా ఎక్కువ కాదు. ఆ అరక్షణంలో మౌలాలి నా చీలమండ పట్టేశాడు. మిగతావాళ్లు మీద పడ్డారు. గీత నా వేళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ నేల మీద నన్ను పట్టి ఐదేళ్లయింది.

“పడినాడురో!” మౌలాలి ఎగిరి గంతేశాడు. “రేయ్, ఫోటో తియ్యండిరా!”

మట్టి దులుపుకుంటూ లేచాను. కోపంగా ఉంది. “ఉస్తాద్, యాడికి పోతిరి?”

“ఈడ్నే ఉండా.”

గొంతు నా వెనక నుంచి వచ్చింది. అవతలి జట్టు వెనక, గోడ వారగా, పీట వేసుకుని కూర్చున్నాడు. ఏడుగురికీ ఆవల.

“గీత ఏమన్నా జరిగిందా?” అని అడిగాడు.

“లేదు ఉస్తాద్.”

“మౌలాలి కొత్తగా ఏమన్నా నేర్చినాడా?”

“నేనేం నేర్వలేదు ఉస్తాద్. వాడే నిలబడిపాయె,” అన్నాడు మౌలాలి.

“మల్ల ఏంటికి పడితివి?”

ఇందాకటిదాకా పీట ఉన్న చోటు వైపు చూశాను. 

ఆయన అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు. “ఎండ ఎక్కువైంది. దప్పికైతాంది. ఆ కడవలోంచి సెంబుడు నీళ్లు తే.”

కడవ గీతకు ఇవతల, మావైపు ఉంది. చెంబు నిండా ముంచాను. పక్కనున్న గోడ వెంబడి చుట్టూ తిరిగి వెళ్లబోయాను.

“అట్ల గాదు. నడిమిట్ల రా.” ఏడుగురి వైపు చూశాడు. “రానీకండి వాణ్ణి.”

మౌలాలి చేతులు రుద్దుకున్నాడు. “రా సామీ, రా. మాకూ దప్పికగానే ఉండాది.”

చెంబును ఎడమ చంకలో ఇరికించి, కుడిచేత్తో మూత మూసినట్టు పట్టుకున్నాను. ఇత్తడి చల్లగా పక్కటెముకలకు తగులుతోంది. గీత దాటాను.

ఒకడు మోచెయ్యి పట్టాడు. విడిపించుకున్నాను. ఇంకొకడు నడుము దగ్గర తగిలాడు. నీళ్లు తొణికి చొక్కా తడిసింది. ఒలికిపోతున్నాయి, ఆయనకు మిగలవు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. మౌలాలి కాళ్ల మీదికి దూకాడు. ఒక కాలు వాడి చేతిలో ఉండగానే రెండో కాలితో కుంటుకుంటూ, వాణ్ణి కూడా ఈడ్చుకుంటూ, గోడ దాకా వెళ్లి మోకాళ్ల మీద పడ్డాను. చెంబు మాత్రం నిటారుగా ఉంది.

ఉస్తాద్ అందుకున్నాడు. నాలుగు గుటకలు వచ్చాయి. నేను లెక్కపెట్టాను.

“పద్నాలుగు అడుగులు లాక్కొచ్చినాడు నన్ను,” మౌలాలి నేల మీదినుంచే అన్నాడు. “మోకాలు సూడండి, తోలు ల్యాదు.”

నాకు అప్పుడు తట్టింది. మూడుసార్లు ఒళ్లు తగిలింది. ఒక్కసారి కూడా తిరగలేదు.

“ఉస్తాద్! శనివారం మీరు రావల్ల!” మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “రైలు టికెట్టు నేను తీస్తా. ఆ మైదానం చివర ఇట్లనే కూచోండి సాలు. నూరు గజాల మైదానం. మీరు ఆ కొసన ఉంటే...”

“నేను రాను.”

“ఒక్క రోజు ఉస్తాద్.”

“ఆరు పరుపులు కుట్టేది ఉండాది. పెండ్లోళ్లవి.”

“మీరు లేకుంటే ఎట్ల? ఆ పక్క ఎవరుండారని పోవల్ల నేను?”

ఆయన చెంబు బోర్లించి, అడుగున మిగిలిన చుక్కలు నేల మీద రాలనిచ్చాడు.

“నీ ముందర నిలబడి గుద్దుకునేటోళ్లు ఎంతమంది అంటివి?”

“ఐదుగురు.”

“ఆ పందొమ్మిది సార్లు వాళ్లు ఎన్నిసార్లు పడినారు?”

 నా దగ్గర ఆ అంకె లేదు. నా పరుగులు, నా సెకన్లు, నేను పోగొట్టిన గజాలు, అన్నీ ఉన్నాయి. అది లేదు.

“తెల్దు ఉస్తాద్.”

“పడేటప్పుడు మొగం ఏ పక్క పెట్టుకోని పడతారు?”

యాదగిరి గుర్తొచ్చాడు. ప్రతిసారీ లేచేటప్పుడు అతని మూతినిండా గడ్డి. ఆ గడ్డి ఉమ్మేసి, వెనక్కి తిరిగి చూసి, నేను ఎక్కడున్నానో వెతుక్కునేవాడు. నేను ఇరవై అడుగుల వెనక ఉండేవాణ్ణి.

 ఉస్తాద్ చెంబు నా చేతికిచ్చి, పీట ఎత్తుకుని, పరుపుల పని మీద వెళ్లిపోయాడు.

*

శనివారం. ఆట ఆఖరికి వచ్చింది. నాలుగో ప్రయత్నం. ఇంకా రెండు గజాలు కావాలి.

అప్పటిదాకా బంతి నాకు పదకొండు సార్లు ఇచ్చారు. ప్రతిసారీ ఎవరో ఒకరు తాకీ తాకగానే, తిరిగే వీల్లేకుండా పడేశారు, లేదా నేనే పక్క గీత దాటి బయటికి పోయాను. వెనక్కి తిరగలేదు. ముందుకూ పెద్దగా పోలేదు. డెన్నిస్ సారు కాగితం, పెన్ను పట్టుకుని గీత బయట నిలబడ్డాడు.

“అన్నా,” యాదగిరి వంగుతూ అన్నాడు, నావైపు చూడకుండా. “నా ఎన్కనే రా. ఏడికి పోకు.”

“యాదగిరీ, నువ్వు పొద్దుట్నించి ఎన్నిసార్లు పడ్డావు?”

“గిదేం ముచ్చటే ఇప్పుడు? ఎవడు లెక్కవెట్టిండు?”

“ముప్పై ఒకటి.”

అతను ఒక్క క్షణం తల తిప్పి చూశాడు. మళ్లీ వంగాడు.

బంతి చేతికొచ్చింది. కదిలాను. ముందు ఐదు వీపులు. ఒకటి ఒరిగింది, రెండోది ఒరిగింది. యాదగిరి ఇద్దరిని గుండెలకు ఆనించుకుని బోర్లా పడ్డాడు.

ఎవడిదో చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా. వేళ్లు బిగుసుకున్నాయి.

ఎడమ కాలు నేల మీద ఉంది. కుడి కాలు యాదగిరి పడిన వైపుకు ఎత్తాను.