సాంబ్రాణి పొగలో పాలపుంత

ఒకానొక రాజ్యంలో రణభీకరుడనే రాజుండేవాడు. రాజ్యం జానెడు, బిరుదులు బారెడు. ఆయనకొకసారి పాలపుంత లోపల ఏముందో చూడాలని బుద్ధి పుట్టి, ఆస్థానంలో చుక్కలు లెక్కగట్టే ఏకాంబరయ్యను పటం గీసి తెమ్మన్నాడు.

పన్నెండేళ్ళు ఆకాశం చూసి చూసి ముసలాయన పటం తెచ్చాడు. రాజు తన చోటు కోసం నడుమంతా వెతికాడు. అది ఎక్కడో అంచు వైపు ఉంది.

"ఇదేమిటయ్యా, మేము మధ్యలో లేమా?"

"లేము ప్రభూ," అన్నాడు ఏకాంబరయ్య. పాపం, ఆయనకు నిజం తప్ప ఇంకో విద్య రాదు.

ప్రధాన పండితుడు శాలువా సవరించుకుంటూ లేచాడు. "పాలపుంత వెంట ఎటు చూసినా చుక్కలు సమానంగానే కనిపిస్తాయి ప్రభూ. అంటే మనమే మధ్య. ఈయనకు చూపు మందగించింది."

"పొద్దుగూకేలోగా ఇతన్ని పొలిమేర దాటించండి," అన్నాడు రాజు.

సభలో సాంబ్రాణి వేసే పేరిందేవి ధూపం పళ్ళెం పట్టుకునే ముందుకొచ్చింది. ఏకాంబరయ్య ఆమె తమ్ముడు. మోకాళ్ళ నొప్పులతో వీధే దాటలేనివాడు పొలిమేరేం దాటుతాడు? ఏడిస్తే పని జరగదని ఆమెకు తెలుసు.

"వాడు పోతే పోనీండి ప్రభూ. పోయేముందు మధ్యను గుర్తుపట్టే విద్యేదో ఏలినవారే చూపిస్తే వాడికి బుద్ధొస్తుంది," అంది.

రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు. ఆమె తలుపులు మూయించి, సభంతా సాంబ్రాణి పొగ పట్టించింది. ఆమె చెప్పినట్టే పల్లకీ బోయీలు రాజును కుర్చీతో సహా ఎత్తి, నాలుగు తిప్పులు తిప్పి ఒకచోట దించారు.

"ఇప్పుడెక్కడున్నారు ప్రభూ?"

"ఎటు చూసినా మూరెడు దూరమే కనిపిస్తోంది. అన్ని వైపులా సమానం. సభకు నట్టనడుమ ఉన్నాం."

"ముమ్మాటికీ నట్టనడుమే," అని పొగలోంచి ప్రధాన పండితుడు దగ్గాడు.

"అయితే కళ్ళు మూసుకుని వినండి," అంది పేరిందేవి. "దగ్గులు ఎటునుంచి వస్తున్నాయి?"

రాజు చెవులు రిక్కించాడు. సభ సభంతా దగ్గుతోంది. "ఎదుటినుంచి."

"వెనకనుంచి?"

"వెనక ఎవరూ దగ్గడం లేదే."

"నడుమ ఉంటే నాలుగు వైపులా దగ్గాలి కదా ప్రభూ."

తలుపులు తీయించింది. పొగ పోయేసరికి మహారాజు గుమ్మం పక్క మూలలో, చెప్పుల గుట్ట దగ్గర కూర్చుని ఉన్నాడు.

"పాలపుంతలోనూ ఇలాంటి ధూళే ఉంది ప్రభూ, చూపును ఆపేస్తుంది. ఆ ధూళికి పైనా కిందా, దాన్ని దాటి కనిపించే చుక్కల గుంపులు ఏ పక్క ఎక్కువో చూసి, మావాడు నడుమ ఎక్కడో పట్టుకున్నాడు."

రాజు మొహం మాడ్చుకున్నాడు. "అంటే మేం ఓ మూలన పడి ఉన్నామన్నమాట."

"మూలే ప్రభూ. కానీ ఆ మూలన కూర్చునే ఇల్లంతా లెక్కగట్టినవాడు తమ రాజ్యంలోనే ఉన్నాడు. పొద్దుగూకేదాకా."

రాజు ఆమెను తేరిపార చూసి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. పేరిందేవికి బంగారు కడియం ఇచ్చి, తానే నడిచివెళ్ళి ఏకాంబరయ్యకు పట్టుశాలువా కప్పాడు. పటంలో ఒక్క చుక్క కూడా జరపకుండా దాన్ని సింహాసనం వెనక గోడకు తగిలించమన్నాడు.