ఓటమి ఎరగని ఎల్లాజీ

విశాఖపట్నం రేవు పక్క పేటలో సన్యాసిరావు అనే బాక్సింగ్ గురువు ఉండేవాడు. శిష్యుడు ఎన్నిసార్లు గెలిచాడో చూసేవాడే గాని, ఎవరి మీద గెలిచాడో చూసేవాడు కాదు.

ఇది చాలా ఏళ్ల కిందటి మాట. మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఆయన పిల్లలకు నేర్పేవాడు. ఆ షెడ్డుకు సగం కప్పు లేదు. వాన వస్తే పిల్లలంతా ఒక పక్కకు చేరి, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ సాధన చేసేవారు. అలా ఇరుకులో నేర్చుకున్నవాడికే కాళ్ళ కదలిక బాగా వస్తుందని ఆయన అనేవాడు. అందులో నిజమెంతో నాకు తెలియదు. అది అలా ఉంచుదాం.

ఆయన ప్రాణమంతా మేనల్లుడు ఎల్లాజీ మీద ఉండేది. ఎల్లాజీ తండ్రి చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు మాత్రం పడవ ఎక్కకూడదని తల్లి పైడమ్మ పట్టుబట్టింది. బాక్సింగ్‌లో పేరు తెచ్చుకున్నవాళ్ళకు ఆ రోజుల్లో మంచి ఉద్యోగాలు దొరికేవి. "ఆడి సంగతి నాకొదిలెయ్ అప్పా" అని సన్యాసిరావు అక్కకు మాట ఇచ్చాడు.

ఏటా అమ్మవారి పండగకు పేటలో పోటీలు జరిగేవి. ఎల్లాజీకి ప్రత్యర్థులను ఎంచేది మేనమామే. వయసు మళ్ళి మోకాళ్ళు అరిగిన పాతకాపులనో, మొన్న మొన్ననే గ్లవ్స్ తొడిగిన కుర్రాళ్ళనో తెచ్చి ఎదుట నిలబెట్టేవాడు. మోసం చేద్దామని కాదు. గెలుపు అలవాటైతే గుండె గట్టిపడుతుందని ఆయన మనసారా నమ్మాడు. పోటీకి ముందు రిక్షాకు మైకు కట్టించి, "ఓటమి ఎరగని ఎల్లాజీ" అని వీధి వీధీ చాటించేవాడు. మా కాలేజీలో తర్కం చెప్పే మాస్టారొకరు, అరుగు ఎక్కి నిలబడి ఎత్తు కొలుచుకోవద్దని అంటూ ఉండేవారు. పాపం, ఆయన మనిషి చాలా పొట్టి. అందుకని మాకు నవ్వొచ్చేది.

ఒక ఏడు గవర్రాజు అనే పాత వీరుణ్ణి తెచ్చారు. ఒకప్పుడు అతని పేరు చెబితే కటకం దాకా హడలేవారు. ఇప్పుడు జుట్టు నెరిసింది, ఊపిరి నిలవడం లేదు. ఎల్లాజీ రెండో రౌండులోనే పడగొట్టాడు. పేటవాళ్ళు ఎల్లాజీని భుజాల మీద ఊరేగించారు. గవర్రాజు చేతికట్లు విప్పుకుంటూ సన్యాసిరావును దగ్గరికి పిలిచాడు.

"గుంటడు కొట్టడం నేర్చాడు సన్నేసీ. దెబ్బ వస్తంటే చూడ్డం ఎప్పుడు నేర్చుకుంటాడు? నా చెయ్యి ఆడి దాకా వెళ్ళేలోగా ఆడు టీ తాగి రావచ్చు."

ఓడినవాడి ఏడుపులే అనుకుని సన్యాసిరావు నవ్వేశాడు.

ఆ మరుసటి ఏడు పట్నంలో పెద్ద పోటీలు పెట్టారు. గెలిచినవాడికి ఉద్యోగం ఖాయమన్నారు. ఎల్లాజీకి ఎదురుపడినవాడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన బిమల్ అనే యువకుడు. గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువట. అది విని సన్యాసిరావు అక్క ఇంటికి వెళ్ళి, ఉద్యోగం వచ్చేసినట్టే అనుకోమన్నాడు. పైడమ్మ అప్పుడే వీధిలో నలుగురికీ చెప్పుకుంది.

గవర్రాజు మాత్రం వెతుక్కుంటూ వచ్చాడు. బిమల్ మీసాలు రాకముందు నుంచే దేశంలో పేరున్నవాళ్ళతో తలపడ్డాడనీ, ఆ ఓటములన్నీ వాళ్ళ చేతుల్లోవేననీ చెప్పాడు. ఈసారికి ఎల్లాజీని కొత్తవాళ్ళ తరగతిలో దింపమని బతిమాలాడు.

"ఓటమి ఓటమే గవర్రాజూ" అన్నాడు సన్యాసిరావు.

మొదటి రౌండులో బిమల్ పెద్దగా కొట్టలేదు. గడ్డం దాచుకుని, ఎల్లాజీ చేతులు ఎలా వస్తున్నాయో చూశాడు. రెండో రౌండులో మొదలుపెట్టాడు. ఎల్లాజీ తన మూలకు వచ్చి కూర్చునేసరికి ఎడమ కన్ను వాచిపోయింది.

"మావా, ఈడి చేతులు నాకు కనబడ్డం లేదు" అన్నాడు మెల్లగా.

ఆ క్షణాన ఓటమి ఒప్పుకుని తువ్వాలు రింగులోకి విసిరేస్తే పోటీ అక్కడితో ఆగిపోయేది. కానీ సన్యాసిరావు చెవుల్లో రిక్షా మైకే మోగుతోంది. "ఇంకొక్క రౌండురా. నువ్వు ఓటమి ఎరగనోడివి" అని లేపి పంపాడు.

మూడో రౌండులో అదే కంటి మీద దెబ్బ మీద దెబ్బ పడింది. చివరికి బిమలే చేతులు దించేసి, ఆపమన్నట్టు రిఫరీ వైపు చూశాడు. అప్పటికే ఆలస్యమైంది. కంటి లోపలి పొర చిరిగిపోయిందనీ, ఆ కంటికి ఇక చూపు రాదనీ డాక్టరు చెప్పాడు. పోటీలూ పోయాయి, ఉద్యోగమూ పోయింది. ఒంటి కన్నువాణ్ణి పడవలోకి కూడా ఎవరూ పిలవలేదు. పైడమ్మ కోరిక అలా తీరింది. ఆమె తమ్ముడికి అన్నం పెట్టడం మానేసింది.

ఆసుపత్రిలో సన్యాసిరావు మేనల్లుడి మంచం పట్టుకుని ఏడ్చాడు. ఎల్లాజీ కోప్పడలేదు. మేనమామ చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"నన్ను చిన్నప్పుడే ఓ పాలి ఓడనివ్వాల్సింది మావా" అన్నాడు.

ఎన్నిసార్లు గెలిచామన్నది బలానికి కొలత కాదు, ఎవరి మీద, ఎలాంటి వయసులో ఉన్నవాడి మీద గెలిచామన్నదే కొలత. బలహీనుల మీద గెలుస్తూ పోయేవాడు, తాను బలహీనుడైన సంగతి అందరికన్నా ఆఖరున తెలుసుకుంటాడు.