ఊదా పూసల పిల్ల

నాకో సుగుణం ఉంది. ఎక్కడా నన్ను నేను మరిచిపోను. గ్రూప్ ఫొటో ఇస్తే ముందు నా మొహమే వెతుక్కుంటాను. కనబడితే ఫొటో బాగుందంటాను.

పాత పుస్తకాల షాపులో దొరికిన పుస్తకంతో, చిరిగిన పేజీల దగ్గర ఊహించుకుంటూ, ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. కంప్యూటర్లో ఒక పొలం వేసి జీవుల్ని వదిలాను. ఒక్కోదాని మెడలో పది పూసల దండ. రెండు జీవులు ఎదురుపడితే దండలు పోల్చుకుంటాయి. కలిస్తే పెళ్లి. పుట్టిన పిల్లకి కొన్ని పూసలు తల్లివి, కొన్ని తండ్రివి. వయసైపోతే రాలిపోవడమే.

ఎన్ని పూసలు కలవాలో చెప్పేది నేను. మేనమామ కూతుర్ని చేసుకున్నవాణ్ణి, నాకు తెలిసిన పద్ధతి ఒకటే. తొమ్మిది కలవాలన్నాను. ప్రతి దండలోనూ నాకిష్టమైన ఎర్రపూసలు రెండు గుచ్చాను. కొన్ని తరాలు గడిచేసరికి పొలమంతా ఒకే అచ్చు. ఫొటో నిండా నేనే!

అంతలో తల్లిదండ్రుల పూసలకి నకలు తీయడంలో ఎక్కడో పొరపాటు జరిగి, ఎర్రపూసలుండాల్సిన చోట రెండు ఊదా పూసలతో ఒక పిల్ల పుట్టింది. ఈడొచ్చాక తోడు వెతుక్కుంటూ బయల్దేరింది.

"దండ ఇటు తిప్పు," అన్నాడొకడు. "ఈ ఊదావి ఎక్కడివి?"

"పుట్టుకతోనే ఉన్నాయి."

"మా వైపు లేవే," అని తప్పుకున్నాడు. తర్వాతివాళ్లు అడగను కూడా అడగలేదు. వయసు మీదపడి పిల్ల రంగు వెలవెలబోతోంది.

టీ తెచ్చిన మా ఆవిడ కాసేపు తెర చూసింది.

"బావా, ఆ పిల్ల ఒక్కతే తిరుగుతోందేం?"

"సంబంధం కుదర్లేదు. పూసలు కలవడం లేదు."

"కలవాలని ఎవరన్నారు?"

"రూలు."

"రూలు పెట్టిందెవరో?"

నేను టీ మీద మీగడ తీసే పనిలో పడ్డాను.

పుస్తకంలో తర్వాతి అధ్యాయం తెగులు గురించి. చదివిన ఉత్సాహంలో ఒకటి వదిలాను. అది ఎర్రపూసలే పట్టింది. పొలం కళ్లముందే ఖాళీ అయిపోయింది. పొలం మూలల్లో కొందరు కొన ఊపిరితో మిగిలారు. మొదట తప్పుకున్నవాడు కూడా ఈడ్చుకుంటూ ఆ పిల్ల దగ్గరికొచ్చాడు.

"నీకు అంటలేదేం?"

"అంటడానికి నాకు ఎర్రపూసలేవీ?"

"నన్ను చేసుకుంటావా?"

"నేనెప్పుడు కాదన్నాను? రూలునడుగు."

"బావా!" మా ఆవిడ నా భుజం కుదిపింది. "తగ్గించవయ్యా. పిల్ల వాలిపోతోంది."

తొమ్మిది కొట్టేసి అయిదు పెట్టాను. పెళ్లయింది. పిల్లలు పుట్టాక ఇద్దరూ పక్కపక్కనే రాలిపోయారు. ఎర్రపూసలొచ్చిన పిల్లలు నిలవలేదు. ఊదావి వచ్చినవాళ్లు నిలిచారు. మూలల్లో మిగిలినవాళ్లు వాళ్లతో వియ్యమందుకున్నారు. పొలం మళ్లీ నిండింది. ఈసారి అంతా ఊదా రంగు, ఒకే తీరుగా, ఎంత ముచ్చటగా ఉందో.

నిన్న పొద్దున ఒక మూల పచ్చపూసలతో ఒక పిల్ల పుట్టింది. ఇంత అందం చెడిపోతుందే అనిపించింది. నా వేలు తొమ్మిది అంకె మీదికి వెళ్లింది.

"బావా, చెయ్యి తియ్యి," అంది వెనక నుంచి.

తీశాను. తను వంటింట్లోకి వెళ్లగానే వేలు మళ్లీ అక్కడే ఉంది. ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను గానీ, ఆ వేలు తీసి ఒళ్లో పెట్టుకోవడం ఇంకా నేర్చుకోలేదు.