రొయ్యడి తాడు

ఇటు తిరుగు తులసీ. కాళ్ళు ఆడించకు. పొద్దున ఆ కుక్కపిల్ల మెడకి గుడ్డపేలిక కట్టి వీధి చివరిదాకా ఈడ్చుకెళ్ళావట, మీ అమ్మ చెప్పింది. అది లాగితే నువ్వు లాగావట, నువ్వు లాగితే అది లాగిందట. ఘనకార్యమే! నేను తిట్టను గానీ, కథ చెబుతా. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే అటు తిరిగి పడుకుంటా.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో పోలమ్మ అని ఒక ముసలావిడ. ఆవిడకి ఒక్కడే కొడుకు, పేరు గురువులు. చెట్టంత కొడుకు. పెళ్ళి మాట ఎత్తితే చాలు, నవ్వేసి పడవెక్కేసేవాడు.

ఒక రోజు వాన వెలిసింది. అప్పుడు గురువులుకి వలల పాకలో ఒక కుక్కపిల్ల దొరికింది. ఎండురొయ్యలా ముడుచుకుపోయి పడుకుంది. అందుకని దానికి రొయ్యడు అని పేరు పెట్టాడు. పోలమ్మ మొదట్లో "మన గంజికే దిక్కు లేదు, దీనికెక్కణ్ణించి తెత్తావురా" అని సణిగింది. ఆ తర్వాత ఆవిడే తన కంచంలో చేప తలకాయ దానికోసం మిగల్చడం మొదలుపెట్టింది. మీ అమ్మా అంతే, చూస్తూ ఉండు.

ఆ ఊళ్ళో పెద్ద వల వేసేవాళ్ళు. పెద్ద వల అంటే ఏమిటనుకున్నావు? ఒక పడవ ఆ వలని సముద్రంలోకి మోసుకెళ్ళి, గుండ్రంగా తిరిగి దింపుతుంది. వల రెండు కొసలకీ కట్టిన తాళ్ళు ఒడ్డునే ఉంటాయి. అప్పుడు ఊరంతా, ఆడా మగా, ఆ తాళ్ళు పట్టుకుని హైలెస్సా అని లాగుతారు. లాగగా లాగగా వల ఒడ్డుకొస్తుంది. వల నిండా చేపలు, వల వెనకాలే పడవ.

ఆ పడవలో ఉండి వల దింపేవాడు మన గురువులే. వాడు రొయ్యడికి కూడా తాడు కొస నోట కరుచుకుని లాగడం నేర్పాడు. అది వెనక్కాళ్ళు ఇసకలో తన్నిపెట్టి, గుర్రుమంటూ, జనంతో సమానంగా లాగేది. వల రాగానే గురువులు పడవలోంచి దూకి దాన్ని ఎత్తుకునేవాడు. చూసేవాళ్ళకి ఒకటే నవ్వు.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

ఆ తర్వాత ఒకనాడు ముగ్గురు మనుషులు మూడు తెప్పల మీద వేటకెళ్ళారు. వేటంటే అడవిలో వేట కాదే పిచ్చిదానా, చేపల వేట. మధ్యాహ్నానికి గాలివాన కమ్ముకొచ్చింది. మొదటి తెప్ప వచ్చింది. రెండో తెప్ప విరిగినా వచ్చింది. మూడోది రాలేదు. మూడోది గురువులుది.

మూడు రోజులు వెతికారు. మూడు వారాలు ఎదురు చూశారు. ఒక్క చెక్కముక్క కూడా దొరకలేదు. ఏం చెప్పను తల్లీ, కడుపుకోత అంటారే, అది పగవాళ్ళకి కూడా వద్దు.

అప్పట్నించి రొయ్యడికి పిచ్చెక్కినట్టయింది. సాయంత్రం తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి సముద్రంలోకి ఉరికి ఈదుకుంటూ పోయేది. రెండుసార్లు మునిగిపోతుంటే వేటగాళ్ళు మెడ పట్టుకుని తెప్ప మీదకి ఎక్కించారు. ఇంక లాభం లేదని పోలమ్మ దాని మెడకి తాడు కట్టింది.

తాడు దొరికితే అది ఊరుకుంటుందా? బుద్ధెరిగిన దగ్గర్నించి తాడంటే లాగడమే దానికి తెలుసు. ఎంత బిగిస్తే అంత లాగేది. లాగి లాగి పోలమ్మని ఇసకలో బోర్లా పడేసేది. ఆవిడ మోకాళ్ళు దోక్కుపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ముసల్ది తాడు మాత్రం వదల్లేదు. వదిలితే అది సముద్రం పాలే కదా.

ఒక రోజు పక్కింటి కోడలు ఎదురొచ్చింది. నెలలు నిండిన మనిషి, నెత్తిన చేపల తట్ట. రొయ్యడు ఒక్క ఊపున లాగేసరికి తాడు ఆ పిల్ల కాళ్ళకి చుట్టుకుంది. దబ్బున పడింది. దేవుడి దయ, తల్లికీ కడుపులో బిడ్డకీ ఏమీ కాలేదు. కానీ ఊళ్ళో గగ్గోలు పుట్టింది.

అప్పుడు ఊరి పెద్ద ఎల్లయ్య పోలమ్మ ఇంటికొచ్చాడు. మంచివాడే, పాపం. నేల మీద కూర్చుని, అక్కని పిలిచినట్టు పిలిచి మెల్లగా చెప్పాడు. "అప్పా, నీ కట్టం నాకు తెల్సు. కానీ రేపు ఇంకెవుల్నో పడేత్తాది. నెల్లాళ్ళలో గంగమ్మ పండగ. రేవంతా పిల్లా పీచూ ఉంటారు. ఆ రోజు రేవు ఈ కొసనించి ఆ కొసదాకా తాడు బిగియకుండా దీన్ని నడిపించు. నడిస్తే కుక్క నీది. నడవకపోతే పడవెక్కించి ఏరవతల వొగ్గేత్తాం."

పోలమ్మకి ఇంకెవరున్నారే? కొడుకు పెంచిన ఆ కుక్క ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది, ఎవరికి అన్నం కలుపుతుంది? అయినా న్యాయం న్యాయమే కదా అని "సరే తమ్ముడూ" అంది.

మొదట ఒకడొచ్చి "కర్ర తీసుకో, లాగినప్పుడల్లా ఒకటియ్యి" అన్నాడు. పోలమ్మ కర్ర ఎత్తింది. రొయ్యడు ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ కర్ర పొయ్యిలో పెట్టేసింది. గంజి ఉడికింది గానీ కుక్కకి చదువు రాలేదు.

ఆ తర్వాత ఇంకొకత్తె వచ్చి "ఎండుచేప చూపించి నడిపించు" అంది. రొయ్యడు ఎండుచేప తిన్నది, మూతి నాక్కుంది, మళ్ళీ లాగింది. వారం తిరిగేసరికి ఇంట్లో ఎండుచేపలన్నీ అయిపోవచ్చాయి. "మొక్కై వంగనిది మానై వంగుతుందా, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే నీ పని" అని ఊళ్ళో వాళ్ళు నవ్వారు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ సొమ్మేం పోయింది!

అప్పుడు పోలమ్మ గడపలో కూర్చుని ఆలోచించింది. ఇది ఎందుకు లాగుతోంది? తిండి పెట్టినా లాగుతోంది, తిట్టినా లాగుతోంది. ఆలోచించగా ఆలోచించగా ఆవిడకి అప్పుడు తట్టింది. తాడు లాగితే వల వస్తుంది. వల వస్తే పడవ వస్తుంది. పడవ వస్తే గురువులు వస్తాడు. దానికి తెలిసిన లోకం అంతే! వాడిని ఒడ్డుకి తెద్దామనే అది ఇన్నాళ్ళూ లాగుతోంది.

లాగితే వస్తాడని కొడుకు నేర్పాడు. లాగితే ఏమీ రాదని ఇప్పుడు తల్లి నేర్పాలి. చూడు ఎంత కష్టమొచ్చిందో ఆ ముసల్దానికి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తాడు కొస నడుముకి చుట్టుకుంది. గడప దాటింది. రొయ్యడు లాగింది. పోలమ్మ పాతిన గుంజలా నిలబడిపోయింది. అరవలేదు, తిట్టలేదు, వెనక్కి గుంజలేదు. రొయ్యడు లాగి లాగి అలిసిపోయి, ఈ ముసల్ది రాదేం అని వెనక్కి తిరిగి చూసింది. తిరగ్గానే తాడు వదులైంది. వదులవగానే "అదీ నాయనా!" అని ఆవిడ దాని చెవి వెనక నిమిరి, మిగిలిన ఎండుచేపలోంచి చిటికెడు ముక్క తన మోకాలి పక్కనే పెట్టి, ఒక అడుగు వేసింది. మళ్ళీ లాగింది. మళ్ళీ గుంజ. మళ్ళీ వదులైంది. మళ్ళీ అడుగు.

అలా గడపనించి నూతిదాకా వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బిందెడు నీళ్ళకి ఒక పూట పట్టింది తల్లీ! కానీ మూడు రోజులకి నూతిదాకా తాడు బిగియకుండా నడిచింది. ఆ తర్వాత చేపలెండబెట్టే కళ్ళందాకా నడిచింది. అక్కడి కాకుల్ని కూడా పట్టించుకోలేదు. మిగిలింది రేవు. సాయంత్రం తెప్పలొచ్చే వేళ రేవు.

ఆ రోజు ఏమైందో చెప్పనా? వెళ్ళారు. దూరంగా ఒక తెప్ప, దాని మీద నిలబడ్డ మనిషి. ఎవరో మరి, ఎత్తూ భుజాలూ అచ్చం గురువుల్లాగే ఉన్నాయి. రొయ్యడు తాడు బిగించింది. పోలమ్మ నిలబడాలి కదా? నిలబడలేదు. "నా తండ్రే" అని అదెంత లాగితే అంత పరిగెత్తింది. ముసల్దీ కుక్కా ఇద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయారు. తెప్ప దగ్గరికొచ్చింది. ఎవరో పక్క ఊరి మనిషి.

ఇంకేముంది! ఒక్కసారి లాగనిస్తే చాలు, అన్నాళ్ళ చదువూ గంగలో కలిసింది. లాగితే ముసల్ది వస్తుందని రొయ్యడికి మళ్ళీ తెలిసిపోయింది. మర్నాడు గడపలోనే లాగడం మొదలుపెట్టింది. పండగకి ఇంక పదకొండు రోజులే ఉంది.

పోలమ్మ దాన్ని ఏమీ అనలేదు. తప్పు తనదని తెలుసు. మళ్ళీ గడప దగ్గర మొదలుపెట్టింది. మళ్ళీ నుయ్యి, మళ్ళీ కళ్ళం. రేవుకొచ్చాక మాత్రం ఈసారి సముద్రం వైపు చూడనే లేదు. పళ్ళు బిగబట్టి, కాళ్ళు ఇసకలో దిగేసుకుని, కళ్ళు దాని వీపు మీదే పెట్టుకుని నిలబడింది. రొయ్యడు ఏడ్చింది. కుక్కలు ఏడుస్తాయే, సన్నగా, ముక్కుతో. విన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆవిడ కదల్లేదు. ఒక రోజు చాలాసేపు ఏడ్చింది. మర్నాడు కాసేపే ఏడ్చింది. ఆ మర్నాడు ఏడవలేదు.

పండగ వచ్చింది. డప్పులు, పసుపు నీళ్ళు, వేపమండలు, గంగమ్మకి ఘటాలు. రేవంతా పిల్లలే. ఎల్లయ్య ఈ కొసన నిలబడ్డాడు. పోలమ్మ తాడు పట్టుకుని బయల్దేరింది. డప్పులు మోగినా తాడు బిగియలేదు. చిన్నపిల్లలు కాళ్ళకి అడ్డం పడ్డా బిగియలేదు. ఇంతలో తెప్పలు వరసగా ఒడ్డుకొస్తున్నాయి. అందరూ తాడు వంకే చూశారు. రొయ్యడు ఆవిడ మోకాలి పక్కన పక్కనే, తాడు ఇసకకి తగిలేంత వదులుగా, ఆ కొసదాకా నడిచేసింది.

జనం ఈలలే ఈలలు! పక్కింటి కోడలు చంకలో పసిబిడ్డతో వచ్చి "అత్తా, గెలిచేసినావు" అంది. ఎల్లయ్య "కుక్క నీదే అప్పా, ఇంకెవులూ అడగరు" అన్నాడు.

పోలమ్మ నవ్వలేదు. రొయ్యడి పక్కన ఇసకలో కూలబడింది. రెండు చేతుల్తో దాని మొహం పట్టుకుని సముద్రం వైపు తిప్పింది. అక్కడ తెప్పలున్నాయి, మనుషులున్నారు. రొయ్యడు అటు చూడలేదు. మొహం విడిపించుకుని ఆవిడ చెయ్యి నాకింది.

అప్పుడు ఏడ్చింది పోలమ్మ. కొడుకు పోయిన రోజు ఏడవలేదు, వెతుకులాట మానేసిన రోజు ఏడవలేదు, ఆ రోజు ఏడ్చింది. "ఈ ఊళ్ళో నా కొడుకు వొత్తాడని నమ్మినోలం ఇద్దరవే తమ్ముడూ, నానూ ఇదీను. దీనికి నానే మాన్పించేసినాను. ఇంక నానొక్కదాన్నే ఎన్నాళ్ళు లాగుతాను? నా కొడుక్కి దినం సేయించు" అంది.

దినమంటే పోయినవాళ్ళకి చేసేది తల్లీ. ఒళ్ళు దొరకలేదు, వాడు బతికే ఉన్నాడు అని అప్పటిదాకా ఎవర్నీ ఆ మాట ఎత్తనివ్వలేదు ఆవిడ. ఎల్లయ్య తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పండగైన మూడో రోజున ఊరంతా కలిసి గురువులుకి దినం చేశారు. పోలమ్మ ముద్దలు కలిపి, ఒకటి సముద్రంలో వదిలి, ఒకటి కాకులకి పెట్టి, ఒకటి రొయ్యడికి పెట్టింది.

ఏవిటీ, రొయ్యడు గురువుల్ని మర్చిపోయిందా అంటావా? ఊళ్ళో వాళ్ళు అలాగే అన్నారు. పోలమ్మా అలాగే అనుకుంది. నాకు మాత్రం అలా అనిపించదే. అది మర్చిపోలేదు. తను లాగితే ముసల్దాని మోకాళ్ళు పగులుతున్నాయని చూసింది. చూసి, ఊరుకుంది. అంతే అనిపిస్తుంది నాకు.

ఛ, ఏడవకు. ఇలా దగ్గరికి రా. దుప్పటి కప్పుకో.

కథేమో కంచికి నడిచింది,
అలేమో ఇసకలో ఇంకింది,
తులసేమో ఇంటికి మళ్ళింది,
అమ్మమ్మ పక్కన ఒదిగింది.