చింతగింజల కాఫీ

ఒకానొక రాజ్యాన్ని రణభేరుండుడనే రాజు ఏలేవాడు. కండలున్నవాడే, కాదనను. కానీ వాటి గురించి ఆయన చెప్పుకునే గొప్పలు కండలకన్నా లావుగా ఉండేవి. రోజూ పొద్దున్నే లోటాడు కాఫీ ఒక్క గుక్కలో మింగి, పెద్ద రాతిగుండు ఎత్తి, చుట్టూ చూసేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. కొట్టక చస్తారా!

"బలమంతా ఆ కాఫీ గింజల్లోనే ఉంది ప్రభూ!" అన్నాడు ఓనాడు ఆస్థాన వైద్యుడు.

రాజుగారికి దిగులు పట్టుకుంది. ఊరంతా కాఫీ తాగితే ఊరంతా తనంత బలవంతులైపోరూ? తాను తప్ప ఇంకెవరూ కాఫీ ముట్టరాదని దండోరా వేయించాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున జనమందరి ముందూ రాజు గుండు ఎత్తాలి. ఆ పొద్దున్నే కాఫీ కాచే సూరమ్మ ఏడుస్తూ విదూషకుడు పేరన్న దగ్గరికి పరుగెత్తింది.

"నా కొంప మునిగింది పేరన్న బాబూ! వాననీళ్లు పడి గింజలన్నీ బూజు పట్టాయి. ఇవాళ ఆయన గుండు ఎత్తలేకపోతే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?"

"చింతగింజలున్నాయా?"

"ఇది వామనగుంటలు ఆడే వేళా బాబూ?"

"నల్లగా వేయించి, దంచి, కాచి, బెల్లం వేసి లోటాలో పొయ్యి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

రాజు తాగాడు. రోజూ ఛాతీ దాకా లేచే గుండు ఆ రోజు భుజం మీదికెక్కి వెనక్కి దొర్లింది. జనం కేకలు పెట్టారు.

"కాఫీ అంటే ఇదీ! సూరమ్మకు పట్టుచీర ఇవ్వండి!" అన్నాడు రాజు.

వైద్యుడు లోటా వాసన చూసి ఎగిరిపడ్డాడు. "ప్రభూ, ఇది కాఫీ కాదు, చింతగింజలు!"

"మోసం! ఈ సూరమ్మను పొలిమేర దాటించండి!" అని అరిచాడు రాజు.

పేరన్న ముందుకొచ్చాడు. "నన్నూ దాటించండి ప్రభూ, చెప్పింది నేనే. ఒక్క అనుమానం. బలం గింజల్లో ఉంటే, ఇప్పుడు గుండెత్తిందెవరు?"

రాజు గుండు వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. "నేనే."

"మరి మీ బలం మీదేనని ఇంతమందికి చూపించినందుకా సూరమ్మకు శిక్ష?"

రాజు తల గోక్కున్నాడు. "అయితే కాఫీలో ఏమీ లేదా?"

"ఎందుకు లేదు? కాస్త ఊపు ఉంది. బండి వెనక ఓ చెయ్యి వేసినట్టు. లాగేవి మాత్రం ఎడ్లే."

"చింతగింజల్లో?"

"ఏమీ లేదు."

"మరి ఇవాళే ఎక్కువ ఎత్తానేం?"

"కాఫీ తాగాననుకున్నారు కదా, పైగా జనం చూస్తున్నారు."

వైద్యుడు అయోమయంగా అడిగాడు. "ఇంతకీ తాగాలా, అనుకోవాలా?"

"రేపు కాఫీ తాగి, చింతగింజలేమో అనుకుంటేనో?" అన్నాడు రాజు.

పేరన్న చేతులెత్తేశాడు. "అది నాకూ తెలియదు ప్రభూ!"

ఆ మాటకు రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూరమ్మా, చీర నీదే. ఇకమీద ఏది పోస్తున్నావో నాకు చెప్పకు!" దండోరా కూడా రద్దయింది.

వారం తిరక్కుండా కొత్త గింజలు వచ్చాయి. రాజు బంగారు కడియంతో పాటు పొడి మూట ఒకటి పేరన్న చేతిలో పెట్టాడు.

"ఇది కాఫీయా, చింతగింజలా ప్రభూ?"

"నువ్వే తేల్చుకో!" అని మళ్లీ నవ్వాడు రాజు.

పాపం, దండోరా పుణ్యమా అని పేరన్న కాఫీ రుచి ఎరగడు. కాచుకు తాగాడు. తెల్లవార్లూ కన్ను మూతపడలేదు. అది కాఫీ వల్లో, ఏం తాగానా అన్న ఆలోచన వల్లో, అతనికి ఇప్పటికీ తెలియదు.