అచ్చెమ్మ ఒండ్రు

అనగా అనగా, గోదారికి ఎవరూ గట్లు కట్టని రోజుల్లో, ఏటి నడుమ ఒక లంక ఉండేది. ఆ లంకలో అచ్చెమ్మ అని ఒంటరి మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆవిడ ఆస్తల్లా ఒక గుడిసె, దాని వెనక ఇసుకదిబ్బ. ఆ దిబ్బమీద ముళ్ళకంప కూడా మొలిచేది కాదు.

ఏటా వరద వచ్చేది. పోతూ పోతూ పొలాలనిండా మెత్తటి మట్టి వదిలేది. లంక జనానికి అదంటే హడలు. "అది గోదారమ్మ సొత్తు. ఉంచుకున్నామా, వెతుక్కుంటూ ఇళ్ళలోకొస్తుంది" అని గోకి గోకి, తట్టలకెత్తించి, మళ్ళీ ఏట్లో పోయించేవారు. ఎంత తెలివో చూడండి! ఆ తట్టలు మోసేది అచ్చెమ్మే.

అచ్చెమ్మకి ఒకటే కోరిక. చచ్చేలోగా తన దిబ్బమీద కాసిన కూర తను వండుకు తినాలి. ఒక ఏడాది మూడు తట్టలు ఏట్లో పోసి, నాలుగోది దిబ్బమీద పోసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మట్టి బెత్తెడు మందం అయ్యాక గుమ్మడి గింజలు నాటింది.

తీగ పాకింది. పూత పూసింది. కాయ కాసింది. కాయ తట్టంత అయ్యేసరికి ఊరి కళ్ళు పడ్డాయి.

ఊరి పెత్తనం చేసే పెదకాపు చిట్టబ్బిగారు కర్ర పుచ్చుకుని వచ్చాడు.

"ఏమే అచ్చెమ్మా, ఆ బురద ఎక్కడిదే?"

"బురద కాదండి బాబుగారూ, ఒండ్రండి. మా అమ్మ అలాగే అనేదండి. బురదలో కాలు దిగబడుద్దండి. ఒండ్రులో గింజ మొలుస్తుందండి."

"గోదారమ్మ సొత్తు దాస్తావా? ఈసారి వరద నీ దిబ్బమీది మట్టి పట్టుకుపోయిందో, అమ్మకి కోపమొచ్చినట్టే. నువ్వు పడవెక్కి లంక విడిచిపోవాలి."

అచ్చెమ్మ పుట్టి బుద్ధెరిగి లంక దాటని మనిషి మరి. అయినా ఆ పూటే కాయ కోసి, పులుసు పెట్టుకుని, వేళ్ళు నాకుతూ తింది.

శ్రావణంలో వరద వచ్చింది. మూడు రోజులు దిబ్బ కనిపించలేదు. నీరు తీసేసరికి అచ్చెమ్మ మూట కట్టుకుని కూర్చుంది. రేవులో పడవ సిద్ధంగా ఉంది. పెదకాపు వచ్చి, దిబ్బమీద వంగి, మట్టిలో చెయ్యి దూర్చి చూశాడు. బెత్తెడు ఉన్నచోట జానెడుంది.

ఇంకోచోట దూర్చి చూశాడు, అక్కడా అంతే.

"చూశారా బాబుగారూ! అమ్మ పట్టుకుపోడానికి రాలేదండి. మారు వడ్డించడానికొచ్చిందండి" అంది అచ్చెమ్మ, మూట విప్పుకుంటూ.

పెదకాపు కర్ర కింద పెట్టాడు. "నాలుగు గింజలుంటే మాకూ పెట్టు అచ్చెమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ ఏడాదినుంచి లంకలో ఎవరూ తట్ట ఎత్తలేదు. ఇంటింటా గుమ్మడి పాకింది. అచ్చెమ్మ కడుపునిండా తిని, పండు ముసలిదై, చల్లగా కన్నుమూసింది.

ఇప్పటికీ అక్కడ వరద తియ్యగానే మూడు పిడికిళ్ళ ఒండ్రు తెచ్చి, గుమ్మం పక్కన పోసి, ఒక గుమ్మడి గింజ గుచ్చుతారు. ఇంటికొచ్చిన చుట్టం మారు వడ్డనకి మొహమాటపడి చెయ్యి అడ్డం పెట్టాడా, ఇంటావిడ ఊరుకోదు. "అచ్చెమ్మ ఊళ్ళో వద్దనకూడదండి" అంటూ ఇంకో గరిటె వేసేస్తుంది.